ఇరవై నాలుగు పాయింట్ నాలుగు

కొత్తగా ఫిజిక్స్ లెక్చరర్లుగా చేరిన నలుగురు మొన్న మా ఇంటికొచ్చారు. మజ్జిగ తాగి, "ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు కదా మేడం, మాకు పనికొచ్చేది ఏదైనా రాసివ్వండి" అన్నారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో, సెలవులు ఎలా మిగుల్చుకోవాలో చెప్పేవాళ్ళు స్టాఫ్ రూముకి ఇద్దరుంటారు. అవి వాళ్ళ దగ్గర నేర్చుకోండి. నేను ఒక తప్పు గురించి రాస్తాను. అది నా తప్పే. దాని కొలత ఇరవై నాలుగు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు.

ఇంకో మాట ముందే ఒప్పుకుంటున్నాను. తరంగాల పాఠం నాకు అర్థమైంది ఇరవై ఏళ్ళు దాన్ని చెప్పాకనే. అర్థం చేయించింది విశ్వవిద్యాలయం కాదు, దూది ఏకే ఒక ముసలాయన, ఆయన మనవరాలు.

తాడు

నా మొదటి ఉద్యోగం కనిగిరిలో, డిగ్రీ కాలేజీలో. కిటికీలోంచి చూస్తే కొండ, కొండ మీద పాత కోట గోడ కనిపించేవి. కాలేజీకి నీళ్ళ ట్యాంకరు రాని రోజు ఉండేది గానీ పిల్లలు రాని రోజు ఉండేది కాదు.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. నోట్సు కంఠతా వచ్చు. "యానకంలో కలిగిన అలజడి, యానక కణాలను తనతో తీసుకుపోకుండా, ఒక చోటి నుంచి మరొక చోటికి ప్రయాణించుటను తరంగమందురు" అని ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. పిల్లలు కూడా ఊపిరి తీసుకోకుండా రాసుకునేవాళ్ళు. అందులో ఒక్క ముక్క వాళ్ళకి ఎక్కలేదని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసేది. అందుకే మొహాలు చూడడం మానేశాను.

ఒక రోజు మాత్రం బుద్ధి పుట్టి, బావి దగ్గర పడున్న నులక తాడు తెప్పించి ఒక కొస కిటికీ ఊచకి కట్టాను. తాడు మధ్యలో ఎర్ర రిబ్బను ముడేశాను. రెండో కొస పట్టుకుని ఒక్క ఊపు ఊపితే తాడు మీద మూపురంలాంటి అల లేచి కిటికీ దాకా పరుగెత్తింది. రిబ్బను మాత్రం ఉన్నచోటే ఒకసారి పైకి లేచి కిందకి దిగింది. క్లాసంతా ఒక్కసారి "ఓ" అంది. ఆ తర్వాత జరిగింది ఇంకా బాగుంది. కిటికీ ఊచకి తగిలిన అల వెనక్కి తిరిగి నా చేతికొచ్చింది. వెళ్ళేటప్పుడు మూపురం పైకి ఉంది, వచ్చేటప్పుడు కిందికి ఉంది. గట్టిగా కట్టేసిన కొసకు వెళ్ళిన అల తలకిందులై తిరిగొస్తుంది. ఇది గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ తాడుతోనే అన్నీ చెప్పుకొచ్చి ఉంటే నేను మంచి టీచర్ని అయ్యేదాన్ని. కానీ మరుసటి వారం సిలబస్ వెనకబడిందని ఎవరో అన్నారు. తాడు మళ్ళీ బావి దగ్గరికే పోయింది.

అట్ట

ఆ ఏడే ప్రయోగశాలలో సోనోమీటర్ ప్రయోగం నా చేత్తో చేశాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: సోనోమీటర్ అంటే పొడుగాటి బోలు చెక్కపెట్టె, దాని మీద ఒక ఉక్కు తీగ. తీగ ఒక కొస మేకుకి కట్టి ఉంటుంది, రెండో కొస కప్పీ మీదుగా కిందికి దిగి బరువుల్ని మోస్తుంది. తీగ కింద రెండు చెక్క వంతెనలు ఉంటాయి. శృతిదండాన్ని, అంటే ఎప్పుడూ ఒకే గొంతుతో మోగే రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని, మోగించి, దాని కాడ పెట్టెకి ఆనించి, వంతెనల్ని జరుపుకుంటూ పోవాలి. తీగ గొంతు, శృతిదండం గొంతు ఒకటైన చోట తీగ తనంతట తనే ఊగుతుంది. తీగ మధ్యలో మడిచి పెట్టిన చిన్న కాగితం ముక్క ఎగిరి కింద పడుతుంది. దాన్నే అనునాదం అంటాం. అప్పుడు వంతెనల మధ్య పొడవు కొలిచి రాసుకోవాలి.

రెండు కేజీలకు ముప్పై సెంటీమీటర్లు వచ్చింది. మూడు కేజీలకు ముప్పై ఆరు పాయింట్ ఏడు. నాలుగు కేజీలకు నలభై రెండు పాయింట్ నాలుగు. బరువుల వర్గమూలాన్ని పొడవుతో భాగిస్తే మూడుసార్లూ ఒకటే, 0.047. నాకు ఎంత సంతోషమేసిందంటే, చిత్తు కాగితంలోంచి ఆ పట్టికని ఒక అట్ట మీదికి అందంగా ఎక్కించి గోడకి తగిలించాను. ఎక్కించేటప్పుడు 42.4 బదులు 24.4 అని రాశాను. చివరి గడిలో 0.047 చిత్తు కాగితంలో ఉన్నట్టే రాశాను. లెక్క తప్పు, జవాబు ఒప్పు.

మరుసటేడు తీగ తెగింది. కొత్త తీగ రాలేదు. కానీ అట్ట ఉంది కదా! పిల్లలు అట్ట చూసి రికార్డులు నింపడం మొదలుపెట్టారు. దీన్ని మా వృత్తిలో రీడింగులు వండడం అంటారు. వంట చేసింది నేను, వడ్డించింది నేను. బదిలీ మీద వెళ్ళే లెక్చరర్లు ఆ అట్టని జిరాక్స్ తీయించుకుని వెళ్ళేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది. పన్నెండేళ్ళ తర్వాత గుంటూరు బదిలీ అయితే నేనూ అట్టని చీర మడతల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను.

గుంటూరు

గుంటూరులో మా కాలేజీ నల్లపాడు వైపు. మిర్చి సీజన్లో గాలి ఇటు తిరిగితే పాఠం మధ్యలో నేను తుమ్మేదాన్ని, నా వెనక అరవై మంది తుమ్మేవాళ్ళు.

మా ప్రిన్సిపల్ గారు మంచి మనిషి. ఎవర్నీ పరుషంగా అనలేదు, పిల్లల ఫీజుల కోసం తనే తిరిగేవారు. కానీ ప్రయోగశాల తాళం ఆయన జేబులో ఉండేది. "పగలని పరికరమే మంచి పరికరం అండీ" అనేవారు. పగలకుండా ఉండాలంటే ముట్టుకోకుండా ఉండాలి. అక్కడి సోనోమీటర్‌కి కూడా తీగ లేదు. నాకది సౌకర్యంగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇలాంటి పైవాళ్ళు మీకూ దొరుకుతారు. వాళ్ళని తిట్టుకోవడం తేలిక. మన సోమరితనానికి వాళ్ళు గొడుగు పడుతున్నారేమో చూసుకోవడం కష్టం.

మస్తాన్‌బీ మా కాలేజీలో చేరింది అలాంటి రోజుల్లోనే. సన్నగా ఉండేది, మాట మాత్రం లావు. అనుదైర్ఘ్య తరంగం, అంటే కణాలు అల వెళ్ళే దారిలోనే ముందుకూ వెనక్కూ కదిలే తరంగం, చెబుతున్న రోజు ఆమె నాకు మొదటిసారి కనబడింది. ఉదాహరణ ఒకటి చెప్పమన్నాను. ఆమె లేచింది.

"మిర్చి యార్డు ముందు లారీల వరస మేడం. గేటు తీస్తే మొదటి లారీ ముందుకి పోద్ది. ఆ జాగాలోకి రెండోది, దాని జాగాలోకి మూడోది. ఒక్కో లారీ ముందుకి కదిలేది లారీ అంతే. కానీ ఆ కదలిక మాత్రం వెనక్కి, చివరి లారీ దాకా పోద్ది."

నేను ఎనిమిదేళ్ళుగా ఆ వరస పక్కనుంచే ఆటోలో వెళ్తున్నాను. నాకెప్పుడూ తట్టలేదు. మెచ్చుకోవాల్సింది పోయి "కూర్చో, పుస్తకంలో స్ప్రింగు ఉంది, అది రాయి" అన్నాను.

ఆమె సంగతి క్లాసులో అందరికీ తెలుసు. వాళ్ళమ్మ, అక్క కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తారు. వాళ్ళ నాన్న చిన్న ట్రాలీ ఆటోలో దూది ఏకే మిషను పెట్టుకుని వీధి వీధి తిరిగి పరుపులు కుడతాడు. "ఒక్క సబ్జెక్టు పోయినా సరే, అక్కతో పాటు తొడిమలకే" అని ఆయన తెగేసి చెప్పి కాలేజీలో చేర్చాడు. ఆ ఇంటి గడప దాటి కాలేజీకి వచ్చిన మొదటి పిల్ల ఆమె.

"తీగ వింటుందా మేడం?"

రెండో సెమిస్టర్ పరీక్షలకు పదిహేను రోజులుందనగా అందరినీ కూర్చోబెట్టి అట్ట ఇచ్చాను. అరగంటలో రికార్డులు నిండాలి. పెన్నుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మస్తాన్‌బీ పెన్ను మూసి పెట్టింది.

"మేడం, నాలుగు కేజీలకి పొడవు తగ్గిందేంటి?"

"ఏం తగ్గింది?"

"బరువు పెంచితే తీగ బిగుసుకుని గొంతు సన్నం అవుద్ది. మళ్ళీ అదే శృతిదండం గొంతుకి రావాలంటే పొడవు పెంచాలి కదా. రెండుకీ మూడుకీ పెరిగింది, నాలుక్కి ఇరవై నాలుగున్నరకి పడిపోయింది. అట్టా పలకదు మేడం."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్న రకం నేను. "ఇరవై ఏళ్ళ నుంచి అందరూ ఇదే రాస్తున్నారు. నీకొక్కదానికే డౌటొచ్చిందా?" అన్నాను.

"అందరూ రాస్తే తీగ వింటుందా మేడం?"

క్లాసు పక్కున నవ్వింది. నేను ఆమెని బయటికి పంపించాను.

ఆ సాయంత్రం వంటింట్లో గ్యాస్ రసీదు వెనక లెక్క వేశాను. నాలుగుకి వర్గమూలం రెండు, దాన్ని ఇరవై నాలుగు పాయింట్ నాలుగుతో భాగిస్తే 0.082. మళ్ళీ వేశాను. మళ్ళీ 0.082. స్టవ్ మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళు, ఏడాదికి ఒక క్లాసు, ప్రతి రికార్డు కింద నా సంతకం. పిల్లలు లెక్క వేసుకోరని రోజూ సణిగేదాన్ని. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టినట్టుంది. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ మాట రాయడానికి ఇప్పుడు సంకోచం లేదు.

మరునాడు ఆమెని పిలిచి "నీకెలా తెలిసింది?" అని మాత్రం అడిగాను. క్షమించమని అడగలేదు. అంత గొప్ప బుద్ధి ఇంకా రాలేదు.

"మా తాత విల్లు మేడం. ఇంటికొస్తే చూపిస్తా."

విల్లు

వాళ్ళ తాత సైదులు గారు గోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. మిషన్లు రాకముందు నలభై ఏళ్ళు విల్లుతో దూది ఏకిన మనిషి. ఆ విల్లు పైకప్పు దూలానికి వేలాడుతోంది. మనిషంత పొడుగు కర్ర, ఒక కొసన చెక్క రెక్క, కొస నుంచి కొసకు బిగించిన నరం. ఆ నరాన్ని నారి అంటారు. నారిని చెక్క గుండుతో కొడితే అది ఊగి, కింద గడ్డ కట్టిన దూదిని పింజలు పింజలుగా విడదీస్తుంది.

"ఏందమ్మా మేడమ్మా, మా మస్తాను ఏం చేసింది?" అన్నారు.

"ఏం చెయ్యలేదండీ. నారి గురించి నేర్చుకుందామని వచ్చాను."

ఆయన ఒకసారి మనవరాలి వైపు చూశారు, ఒకసారి నా వైపు చూశారు. విల్లు దించి ఒళ్ళో పెట్టుకుని ఒక దెబ్బ వేశారు. ఇల్లంతా మోగింది.

"గట్టిగా కొడితే మోత పెరుగుద్ది, గొంతు మారదు. ఇను." ఇంకా గట్టిగా కొట్టారు. నిజమే. "గొంతు మారాలంటే బిగించాల, లేకపోతే పొట్టి చెయ్యాల." కొసన చీల తిప్పి బిగించి కొట్టారు. గొంతు సన్నబడింది. నారిని ఒక చోట వేలితో నొక్కి కొట్టారు. ఇంకా సన్నబడింది. కంపన పరిమితి, పౌనఃపున్యం, తన్యత అని నేను నాలుగు పేజీలు రాయించే పాఠం నాలుగు దెబ్బల్లో అయిపోయింది.

తర్వాత నారి పొడవునా చిటికెడు చిటికెడు దూది తగిలించారు. మెల్లగా కొడితే మధ్యలో పింజ ఎగిరిపోయింది, కొసల దగ్గరవి అలాగే ఉన్నాయి. మళ్ళీ తగిలించి, నారి సరిగ్గా మధ్యలో వేలి కొసతో తాకీ తాకనట్టు తాకి, పక్కన మీటి వేలు తీసేశారు. ఈసారి మధ్యలో పింజ కదల్లేదు! దానికి అటూ ఇటూ ఉన్నవి ఎగిరిపోయాయి.

"దీన్ని నిద్ర చోటు అంటాం. నారంతా ఊగుతున్నా అది నిద్దరపోద్ది" అన్నారు.

అస్పందన బిందువు. అటు నుంచి వచ్చే అల, ఇటు నుంచి తిరిగొచ్చే అల ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాన్నొకటి చెరిపేసుకునే చోటు. రెండు అలలూ కలిసి ప్రయాణం ఆపేసి నిలబడ్డట్టు కనబడే స్థిర తరంగం. బోర్డు మీద ఎన్నిసార్లు బొమ్మ గీశానో లెక్కలేదు. కళ్ళతో చూడడం అదే మొదలు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగానన్నమాట. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. చదువుకున్నదాన్ని కదా, కొలవాలనిపించింది. వీధి చివర కొట్లో తూకం రాళ్ళు అడిగి తెచ్చాను. "ఒక్కసారి బరువులు వేలాడదీసి చూద్దామండీ, ఎంత బిగువుందో లెక్క తేలుతుంది" అన్నాను. ఆయన వద్దనలేదు, సరేననలేదు. నేను నారి మధ్యలో కొక్కెం తగిలించి ఒక్కో బరువు వేస్తూ పోయాను. ఆరో బరువుకి నారి టప్పుమని తెగింది.

మస్తాన్‌బీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అలాంటి నరం తయారు చేసేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదట. తర్వాత తెలిసింది. సైదులు గారు తెగిన కొసని వేళ్ళ మధ్య తిప్పి చూసుకున్నారు.

"నలభై ఏళ్ళు కొట్టా దీన్ని, తెగలా. నువ్వు ఒక్కసారి కొలిచావు, తెగింది."

కొత్త నారి కొనిస్తానన్నాను.

"పోనీలేమ్మా. నారి పోతే పోయింది. పిల్ల పరీక్ష పోకుండా చూడు."

పిల్లలూ, మీరు పరికరాలు ఎన్నైనా పగలగొట్టండి, కొత్తవి వస్తాయి. కానీ వేరేవాళ్ళ చేతిలో బతికున్న జ్ఞానాన్ని కొలిచే ముందు వాళ్ళని అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.

తీగ

మరునాడు ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్ళి, సోనోమీటర్ కొలతలు మళ్ళీ తీయించాలని తాళం అడిగాను.

"పరీక్ష నెత్తి మీద పెట్టుకుని ఇప్పుడెందుకండీ రాజ్యలక్ష్మి గారూ? వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎవరో, ఎలాంటివాడో. నెంబర్లు మారితే ఆయన ఒప్పుకోకపోతే? పిల్లలు నష్టపోతారు."

"తప్పు నెంబర్లతో పాసైతే ఇంకా నష్టపోతారండీ."

ఆయన నా మొహం చూసి జేబులోంచి తాళం తీసి ఇచ్చారు.

సంగీత వాద్యాలు బాగుచేసే కొట్లో ఉక్కు తీగ దొరికింది, పాతదాని కంటే సన్నం. నేను కట్టబోతే మెలిక పడింది, మళ్ళీ కడితే మేకు దగ్గర జారింది. మూడో రోజు మస్తాన్‌బీ వాళ్ళ తాతని వెంటబెట్టుకొచ్చింది. ఆయన చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చారు. వద్దన్నా వినలేదు. తీగని కాలి బొటనవేలితో తొక్కిపట్టి, ఒక్క మెలిక లేకుండా కట్టి, పెట్టెకి చెవి ఆనించి ఒకసారి మీటారు. "ఇది అబద్ధం చెప్పదు. ఇక మీదే ఆలీసం" అని వెళ్ళిపోయారు.

వారం రోజులు పిల్లలు ఆ సోనోమీటర్‌ని వదల్లేదు. తీగ సన్నం కాబట్టి కొలతలన్నీ మారాయి. రెండు కేజీలకి ముప్పై ఎనిమిది, మూడుకి నలభై ఆరున్నర, నాలుగుకి యాభై మూడు పాయింట్ ఏడు. భాగిస్తే మూడుసార్లూ 0.037. అట్ట తప్పని క్లాసులో చెప్పేశాను. "ఎవరో పాతవాళ్ళు రాసింది" అన్నాను. అవును, అలాగే అన్నాను. మస్తాన్‌బీ నా వైపు చూసింది. నా చేతిరాత ఆమెకి తెలుసు.

ఎక్స్‌టర్నల్

పరీక్ష రోజు వచ్చినాయన వేరే ఊరి కాలేజీలో సీనియర్ లెక్చరర్, యాభై దాటినవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో లావుపాటి ఫైలు. ఎవరికి ఏ ప్రయోగమో చీటీలు తీయించారు. మస్తాన్‌బీకి సోనోమీటరే వచ్చింది. గంటన్నరలో ప్రయోగం ముగించి కాగితం పట్టుకెళ్ళింది.

ఆయన చూసి కనుబొమలు ముడిచారు. "రెండు కేజీలకి ముప్పై ఎనిమిదా? ఎక్కడిదమ్మా ఇది?"

"కొలిచాను సార్."

"ముప్పై రావాలి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ముప్పై, ముప్పై ఆరు పాయింట్ ఏడు, ఇరవై నాలుగు పాయింట్ నాలుగు. స్టాండర్డ్ రీడింగులు." ఫైల్లోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి బల్ల మీద పెట్టారు.

 అది నా అట్ట. జిరాక్సుకి జిరాక్సు తీసి మసకబారిపోయినా, సున్నా కింద తోక పెట్టే నా రాత నాకు తెలియదా! ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. నా తప్పు వెళ్ళింది, చేతికీ చేతికీ అందుకుంటూ. ఎవరూ తమ చోటు కదల్లేదు, అలజడి మాత్రం జిల్లాలు దాటింది. ఇరవై ఏళ్ళు నోట్సులో రాయించిన నిర్వచనం ఆ బల్ల మీద కనబడింది నాకు.

ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు. ప్రిన్సిపల్ గారు గుమ్మంలో నిలబడి నా వైపు చూశారు, "చెప్పానా" అన్నట్టు.  ఆ పెన్ను గీత గీస్తే మస్తాన్‌బీ తొడిమల గంప ముందు కూర్చోవాలి.

"సార్, ఒక్క నిమిషం. ఆ కాగితం రాసింది నేనే" అన్నాను. "కనిగిరిలో, చేరిన ఏడు. ఇరవై నాలుగు కాదు, నలభై రెండు. అంకెలు తారుమారు చేశాను. ఇన్నేళ్ళు నేనూ చూడలేదు, ఎవరూ చూడలేదు. ఈ పిల్ల చూసింది."

గదిలో పెన్నులన్నీ ఆగాయి. నా విద్యార్థులు ముప్పై మంది విన్నారు. సిగ్గుపడతాననుకున్నాను గానీ, ఒంట్లోంచి జ్వరం దిగినట్టు తేలికపడ్డాను.

ఆయన వెంటనే నమ్మలేదు. నమ్మకూడదు కూడా, పరీక్షకులు కదా. లేచి సోనోమీటర్ దగ్గరికి వెళ్ళి, వేలాడుతున్న నాలుగు కేజీల్లోంచి అర కేజీ తీసేశారు. "మూడున్నర. పట్టికలో లేదు. ఎంత వస్తుందో ముందు చెప్పు, తర్వాత కొలువు."

మస్తాన్‌బీ ఒక్క క్షణం తీగని మీటి చెవి ఒగ్గింది. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "యాభై దాటుద్ది సార్, కొంచెమే."

వంతెన జరిపింది. కాగితం ముక్క మధ్యలో పెట్టింది. శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి పెట్టెకి ఆనించింది. కాగితం వణికింది. వంతెనని వెంట్రుకవాసి జరిపింది. కాగితం పిచ్చుకలా ఎగిరి ఆయన చొక్కా మీద పడింది.

స్కేలు పెట్టి ఆయనే చూశారు. యాభై పాయింట్ రెండు.

"మధ్యలో కదలకుండా, పక్కన మాత్రం ఎగిరేలా చెయ్యగలవా?" అన్నారు. గొంతులో ఇప్పుడు పరీక్ష లేదు, సరదా ఉంది.

ఆమె మూడు కాగితం ముక్కలు పెట్టింది. తీగ మధ్యలో వేలి కొసతో తాకి, పక్కన మీటి, వేలు తీసేసింది. పక్కవి రెండూ ఎగిరిపోయాయి. మధ్యది బుద్ధిగా కూర్చుంది.

"దీన్నేమంటారు?"

"నిద్ర చోటు సార్" అనేసి, నాలిక్కరుచుకుని, "అస్పందన బిందువు సార్" అంది.

"మొదటిదే బాగుంది" అన్నారాయన. ఎర్ర పెన్ను మూత పెట్టి, నీలం పెన్నుతో పూర్తి మార్కులు వేశారు. తన ఫైల్లో జిరాక్స్ మీద 24.4 కొట్టేసి 42.4 అని దిద్దుకుని, దాని పక్కన సంతకం పెట్టమని నన్నే అడిగారు. పెట్టాను. నా ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాల్లో గర్వపడేది అదొక్కటే.

ప్రిన్సిపల్ గారు ఆ రోజు నుంచి తాళం నాకే వదిలేశారు. మస్తాన్‌బీ వాళ్ళ నాన్న ఫలితాలొచ్చాక ట్రాలీ ఆటో కాలేజీ గేటు ముందు ఆపి, "ఇంక దీన్ని ఎంతవరకైనా చదివించండి మేడం, నేను అడ్డం రాను" అని చెప్పి హారన్ కొట్టుకుంటూ వెళ్ళాడు.

తిరిగొచ్చిన అల

మీకు సూత్రాలు ఇవ్వను, మీ దగ్గర ఎక్కువే ఉన్నాయి. మీ గోడ మీద కూడా ఒక అట్ట ఉంటుంది. దాన్ని రాసినవాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు. అయినా ఒకసారి తీగ బిగించి చూడండి. పెన్ను మూసిపెట్టే పిల్ల ఏడాదికి ఒక్కతే వస్తుంది. ఆమెని బయటికి పంపకండి.

నేను రిటైరవడానికి ఏడాది ముందు ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. మస్తాన్‌బీ. ఎమ్మెస్సీ అయ్యాక గెస్ట్ లెక్చరర్‌గా చేరి అప్పటికి వారమైంది. చేరింది ఎక్కడనుకున్నారు? కనిగిరిలో, నేను మొదట చేరిన అదే ప్రయోగశాలలో.

"మేడం! ఇక్కడ పిల్లల రికార్డుల్లో ఇంకా ఇరవై నాలుగు పాయింట్ నాలుగే ఉంది మేడం!" గొంతులో నవ్వు ఆగడం లేదు.

"చింపి పారెయ్యవే తల్లీ" అన్నాను.

"చింపలేదండీ. ఆ పేజీ గోడకి అంటించా. తీగ కట్టి, బరువులు పెట్టి, దీంట్లో తప్పెక్కడుందో కనుక్కోండి అన్నా. కనుక్కున్నోళ్ళకే రికార్డు మీద సంతకం."

"కనుక్కున్నారా?"

"మొత్తం క్లాసు మేడం. ఒక్కళ్ళు కూడా మిగల్లేదు."

నా చేతిలోంచి తప్పుగా వెళ్ళిన అల కనిగిరి గోడకి తగిలి, తలకిందులై, ఒప్పుగా నా చెవికి తిరిగొచ్చింది. ఫోన్ పెట్టేశాక స్టాఫ్ రూములో అందరికీ టీ తెప్పించాను. ఎందుకని అడిగితే, పాఠం అయిపోయిందని చెప్పాను.